గాలి తగ్గిందా, బండి పాడైందా?

ప్రశ్న: చలికాలం మూడు నెలలూ మూలన పెట్టిన మౌంటెన్ బైక్‌ని మొన్ననే బయటికి తీశాను. వేసవిలో పరుపులా ఉన్న ఫోర్కు (ముందు చక్రం దగ్గర కుంగి లేచే భాగం) ఇప్పుడు వరసగా నాలుగు రాళ్లు తగిలితే చాలు, చేతులు ఊడొచ్చేలా కొడుతోంది. గట్టిగా ఉంది కదాని కాస్త గాలి తీస్తే ఇంకా అధ్వానమైంది. లోపలి గాలి, ఆయిల్ బయటికి రాకుండా ఆపే సీళ్లు పోయాయంటారా? సర్వీసుకి ఇవ్వనా?

జవాబు: అప్పుడే ఇవ్వకండి. వరసగా నాలుగు రాళ్లు అన్నారు చూడండి, అసలు సంగతి అక్కడే ఉంది. మొదటి రాయికి ఫోర్కు బాగానే కుంగుతుంది, కానీ చలికి లోపలి ఆయిల్ చిక్కబడుతుంది కాబట్టి మళ్లీ పైకి లేవడానికి టైమ్ తీసుకుంటుంది, ఈలోపు రెండోది, మూడోది తగులుతాయి, నాలుగో రాయి వచ్చేసరికి ఇక కుంగడానికి చోటెక్కడిది? ఆ దెబ్బంతా చేతులకే. దానికితోడు చలికి గాలి ఒత్తిడి కూడా పడిపోతుంది. ఇంట్లో 20 డిగ్రీల దగ్గర ఫోర్కులో 80 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) పెడితే బయట 5 డిగ్రీల్లో అది 75 దాకా దిగుతుంది, వెనక చక్రానికి అదే పని చేసే షాక్‌లో 180 ఉంటే సుమారు 170కి వస్తుంది, లీకేజీ ఏమీ లేకుండానే. అంటే అసలే తగ్గిన గాలిని మీరు ఇంకాస్త తీశారన్నమాట.

బైక్‌ని ఒక అరగంట బయట చలిలో వదిలేసి అప్పుడు సెట్ చేయండి. (నేను ఒక ఏడాది హీటర్ పక్కన కూర్చుని మిల్లీమీటర్లతో సహా లెక్కేసుకుని, తీరా దారి మీదికెళ్లాక నెత్తి కొట్టుకున్నాను.) హెల్మెట్, నీళ్లు, బ్యాగు, రోజూ ఏవేవి వేసుకుని తొక్కుతారో అన్నీ వేసుకోండి. ఎవరినైనా హ్యాండిల్ పట్టుకోమని, పెడళ్ల మీద నిలబడి రెండు మూడుసార్లు ఊగి కుదురుకోండి, వాళ్లని ఫోర్కు కాలి మీదా, షాక్ కడ్డీ మీదా ఉండే రబ్బరు రింగుని సీలు దాకా తోయమనండి, మెల్లగా దిగి రింగు ఎంత జరిగిందో కొలవండి. మొత్తం కుంగగల దూరంలో ముందు 15 నుంచి 20 శాతం, వెనక 25 నుంచి 30 శాతం కుంగితే ట్రైల్ బైక్‌కి (కొండ దారుల్లో తొక్కే మామూలు మౌంటెన్ బైక్‌కి) సరిపోతుంది. వెనక దగ్గర చాలామంది పొరబడతారు, లెక్కేయాల్సింది చక్రం కదిలే దూరం మీద కాదు, షాక్ కడ్డీ కదిలే దూరం మీద. అది 50 మి.మీ. అయితే 30 శాతానికి రింగు 15 మి.మీ. దగ్గర ఉండాలి. ఇంకోటి, పంపు తగిలించగానే దాని మీటరు ముల్లు నిన్న పెట్టినదానికంటే తక్కువ చూపిస్తే గాలి లీకైందని కంగారు పడకండి, షాక్‌లోంచి కొంచెం గాలి పంపు పైపులోకి వెళ్లింది, అంతే.

గాలి సరిపోయాక రీబౌండ్ డయల్‌ని (కుంగిన ఫోర్కు ఎంత వేగంగా పైకి లేవాలో మార్చేది) ఒకటి రెండు క్లిక్కులు వేగం వైపు తిప్పండి. చాలా ఫోర్కుల మీద కుందేలు, తాబేలు బొమ్మలుంటాయి, మీకు కావాల్సింది కుందేలు. ఎండలు ముదిరాక మళ్లీ వెనక్కి తిప్పడం మర్చిపోవద్దు. ఇవన్నీ చేశాక, తొక్కొచ్చిన ప్రతిసారీ ఫోర్కు కాళ్ల చుట్టూ ఆయిల్ ఉంగరంలా కనిపిస్తుంటే అప్పుడు సీళ్లని అనుమానించండి.

ప్రశ్న: మా వైపు మంచు కరిగింది, ఎండ కూడా బాగుంది, కానీ దారంతా బురదే. బురద టైర్లు కొనుక్కుంటే వెళ్లొచ్చా? గాలి ఎంత పెట్టాలి?

జవాబు: టైర్లు మీరు జారకుండా చూస్తాయి, దారిని మాత్రం కాపాడవు. ఈ రోజుల్లో పైన రెండు మూడు అంగుళాలు కరిగి కింద నేల ఇంకా గడ్డకట్టే ఉంటుంది, నీళ్లు కిందికి ఇంకవు, పైనంతా పిసికిన పిండిలా తయారవుతుంది. అందులో మీ చక్రం చేసిన గాడి ఎండితే గట్టిపడిపోతుంది, ఆ తర్వాత ప్రతి వానకీ నీళ్లన్నీ అందులోంచే పారి దారిని కోసేస్తాయి. పది మీటర్లు తొక్కి వెనక్కి తిరిగి చూడండి, గాడి కనిపిస్తే ఇంటికి వెళ్లిపోండి. బాధగానే ఉంటుంది, నాకు తెలుసు, మూడు నెలలు ఆగాం కదా అనిపిస్తుంది. అయినా సరే.

పూర్తిగా మానుకోమనడం లేదు. రాత్రి గడ్డకట్టిన నేల తెల్లవారుజామున రోడ్డులా గట్టిగా ఉంటుంది, అప్పుడు వెళ్లి ఎండ ఎక్కకముందే తిరిగొచ్చేయండి, చెట్ల నీడలో పలచటి ఐసు ఉంటుంది, అక్కడ మాత్రం జాగ్రత్త. మనలా ఉత్తరార్ధగోళంలో ఉన్నవాళ్లకి దక్షిణం వైపు తిరిగిన వాలులు ముందు ఆరతాయి, ఇసుక నేలలూ అంతే. నీటి గుంట అడ్డమొస్తే పక్కనుంచి తప్పుకోకండి, మధ్యలోంచే పోండి, తలా ఒక అడుగు పక్కకి జరిగితే సన్నటి కాలిబాట కాస్తా బండ్ల బాటైపోతుంది. తడి వేర్లని ఏటవాలుగా కాకుండా సూటిగా అడ్డంగా, బండిని నిటారుగా ఉంచి దాటండి, దాటేటప్పుడు బ్రేకు మీద వేలు బిగించకండి.

ఇక గాలి సంగతి. 70 కిలోల మనిషి, 2.4 అంగుళాల ట్యూబ్‌లెస్ టైరు అయితే ముందు 22, వెనక 24 పీఎస్‌ఐతో మొదలుపెట్టి, తడిగా ఉంటే ఒకటి తగ్గించి చూడండి. రిమ్ము రాయికి తగిలి టక్కుమంటే తగ్గించింది ఎక్కువైనట్టు.

ప్రశ్న: ట్యూబ్‌లెస్ టైర్లలో గాలి కొడితే రెండు రోజులు కూడా ఉండట్లేదు. ముల్లు ఎక్కడా దొరకలేదు.

జవాబు: చక్రం ఊడదీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. లోపల నీళ్లు కదిలిన చప్పుడు రాకపోతే, చిల్లులు పూడ్చడానికి టైర్లో పోసే సీలెంట్ ఎండిపోయింది. రబ్బరు పాలతో చేసినది కాబట్టి రెండు నుంచి ఆరు నెలల్లో ఆరిపోతుంది. వాల్వు లోపలి పిన్ను విప్పి (దానికీ సీలెంట్ గడ్డకట్టి ఉండొచ్చు, తుడవండి) 29 అంగుళాల చక్రానికి సుమారు 100 మి.లీ. పోసి, గాలి కొట్టి, చక్రాన్ని తిప్పి అటూ ఇటూ పక్కకి వంచండి. ఆ తర్వాత కూడా దిగిపోతుంటే, గాలి పోకుండా రిమ్ము లోపల అంటించే టేపు చూసుకోండి.

ప్రశ్న: చెయిన్‌కి స్ప్రే కొట్టిన దగ్గర్నుంచి వెనక బ్రేకు కీచుమంటోంది, పట్టు కూడా లేదు.

జవాబు: స్ప్రే తుంపర రోటర్ (బ్రేకు ప్యాడ్లు పట్టుకునే లోహపు పళ్లెం) మీద పడింది. రోటర్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, ప్యాడ్లు నూనె పీల్చేస్తే మాత్రం మార్చడమే. కొత్తవి వేశాక సమతలం మీద స్పీడందుకుని, చక్రం లాక్ కాకుండా నెమ్మదించడం ఒక 20 సార్లు చేయండి, లేకపోతే మళ్లీ ఇదే ఉత్తరం రాస్తారు. చెయిన్‌కి ఇకమీదట స్ప్రే వద్దు, చుక్కలేసే సీసా కొనుక్కోండి.