పెద్ద నగరపు ఇంక్యుబేషన్ ప్రోగ్రామ్ చిన్న నగరంలో పనిచేస్తుందా?

మహానగరంలో బాగా నడిచే ఇంక్యుబేషన్ ప్రోగ్రామ్‌ని (కొత్త వ్యాపారాలకి చోటు, శిక్షణ, పరిచయాలు ఇచ్చి నిలదొక్కుకునేలా చేసేది) చిన్న నగరంలో ఉన్నదున్నట్టు పెట్టొచ్చా, ఏమైనా మార్చాలా అని అడిగారు. ఉన్నదున్నట్టు పెట్టి చేతులు కాల్చుకున్నవాణ్ణి, అందుకే చెబుతున్నా.

మూడు బ్యాచ్‌లు పెద్ద నగరంలో నడిపి, నాలుగోదాన్ని ఒక చిన్న పారిశ్రామిక నగరానికి తీసుకెళ్లాం. స్లైడ్లు కూడా పాతవే. డెమో డే నాడు, అంటే బ్యాచ్ చివర టీమ్‌లు తమ పనిని ఇన్వెస్టర్లకి చూపించే రోజున, వాళ్ల పేర్లు అంటించిన ముందు వరస కుర్చీలు దాదాపు ఖాళీ. వైబ్రేషన్‌ని బట్టి మోటారు చెడిపోబోతోందని చెప్పే పరికరాన్ని ఒక కుర్రాడు చూపిస్తుంటే, వెనక నుంచి ఒక ఫ్యాక్టరీ యజమాని లేచి, "మార్కెట్ సైజు సంగతి తర్వాత బాబూ, నెలాఖరుకి నాకెన్ని ఇవ్వగలవు?" అన్నాడు. కుర్రాడు నా వంక చూశాడు. పిచ్, అంటే ఇన్వెస్టర్లని ఒప్పించేలా మాట్లాడటం, నేర్పడానికి నాలుగు సెషన్లు పెట్టాం గానీ, కొటేషన్ రాయడం ఒక్కసారీ చెప్పలేదు.

ఆ కుర్రాడు ఆరు ఇచ్చాడు. దుమ్ముకి రెండు ఆగిపోయి నాలుగు రోజుల్లో వెనక్కొచ్చాయి.

తర్వాతి బ్యాచ్‌లో డెమో డే తీసేసి, కొనేవాళ్లని రెండో వారంలోనే పిలిచాం. ఉద్యోగం మానేస్తేనే సీటన్న నిబంధనా తీసేశాం. మహానగరంలో మానేసినా ఇంకోటి దొరుకుతుంది. చిన్న నగరంలో అలాంటి పనిచ్చే కంపెనీలే రెండో మూడో. క్లాసులు సాయంత్రానికి మార్చగానే పదేళ్లు మెషీన్ల మధ్య పనిచేసినవాళ్లు దరఖాస్తు పెట్టారు.

ఆ మాటకొస్తే ఇంక్యుబేటర్ పుట్టిందే చిన్న ఊళ్లో. 1959లో న్యూయార్క్ రాష్ట్రంలోని బటావియాలో, మూతపడ్డ వ్యవసాయ యంత్రాల ఫ్యాక్టరీ మొత్తాన్ని తీసుకునేవాళ్లు దొరక్క, జోసెఫ్ మాంకూసో దాన్ని ముక్కలుగా చిన్న వ్యాపారాలకి అద్దెకిచ్చాడు. అందులో ఒకటి కోడిపిల్లల హేచరీ, గుడ్లు పొదిగించే యంత్రాన్నీ ఇంక్యుబేటర్ అనే అంటారు. సరదాగా పుట్టిన ఇంక్యుబేటర్ అన్న పేరు అలాగే నిలిచిపోయింది. బ్యాచ్‌లు, డెమో డేలు 2005లో స్టార్టప్‌లకి పెట్టుబడీ శిక్షణా ఇచ్చే అమెరికా సంస్థ వై కాంబినేటర్ వచ్చాక పాకిన పద్ధతి. ఇన్వెస్టర్లు చుట్టుపక్కలే ఉన్నచోట కుదిరింది. మనం దాన్నే అసలు నమూనా అనుకుంటున్నాం.

పెద్ద నగరంలో బాధ వేరు. డెస్కులూ మెంటర్లూ కొల్లలు. ఒకే టీమ్ మూడు ప్రోగ్రామ్‌లు తిరుగుతుంది. అక్కడ మేం స్థలం ఇవ్వడం మానేసి కస్టమర్ల పరిచయాలకే పరిమితమయ్యాం.

మీరైతే కరిక్యులమ్ రాసేముందు ఆ నగరంలో ఇరవై మంది వ్యాపారుల్ని కలిసి, బయటినుంచి ఏం తెప్పించుకుంటున్నారో అడగండి. ఎవరూ నోరు విప్పకపోతే వాళ్ల అకౌంటెంట్‌ని పట్టుకోండి, ఆయనకి అన్నీ తెలుసు.