1969 కమారో జెడ్/28 అసలుదేనా, అడుగుతున్న ధర న్యాయమైనదేనా?

మిషిగన్‌లో ఉంటున్న మీకు 1969 షెవర్లే కమారో జెడ్/28 ఒకటి అమ్మకానికి కనిపించిందని, నంబర్లన్నీ మ్యాచ్ అవుతాయని (అంటే ఇంజన్ ఆ కారుతో వచ్చిన అసలుదేనని) అమ్మే ఆయన అంటున్నారని, ఆ ధర పెట్టవచ్చా, కొన్నేళ్ల తర్వాత అమ్మితే డబ్బు వెనక్కి వస్తుందా అని అడిగారు. నేనూ ఇదే రాష్ట్రంలో కార్ల పరిశ్రమలో పనిచేస్తున్నాను. నా దగ్గర అదే సంవత్సరపు మామూలు కమారో ఒకటి ఉంది. కొనబోయే స్నేహితుల వెంట వెళ్లి చూసి పెట్టినవి మరికొన్ని ఉన్నాయి.

జెడ్/28 అనేది ప్రత్యేకమైన కారు కాదు. మామూలు కమారో కూపేకు, ఆ మోడల్ సంవత్సరం మొదట్లో, 458 డాలర్ల చిల్లర అదనంగా చెల్లించి జత చేయించుకున్న ఆప్షన్ ప్యాకేజీ మాత్రమే. ట్రాన్స్-యామ్ రేసుల్లో ఇంజన్ 305 ఘనపుటంగుళాలు దాటకూడదన్న నిబంధన ఉండడం వల్ల షెవర్లే వాళ్లు 302 ఘనపుటంగుళాల వీ8ను తయారుచేసి, రేసులకు అర్హత కోసం రోడ్డు కార్లలోనూ పెట్టి అమ్మారు. 1969 మోడల్‌గా ఇవి 20,302 వచ్చాయి. చిక్కు ఏమిటంటే ఆ ఏడాది ఛాసిస్ నంబరులో జెడ్/28 అన్న ఆనవాలే ఉండదు. 12437 అని మొదలైతే అది వీ8 ఉన్న కూపే అని, తర్వాతి 9 సంవత్సరాన్ని, ఎన్ అక్షరం నార్‌వుడ్ కర్మాగారాన్ని సూచిస్తాయని తెలుస్తుంది, అంతకు మించి ఏమీ తెలియదు. అందుకే మామూలు కమారోకు చారలు వేసి, బ్యాడ్జీలు తగిలించి, 302 ఇంజన్ ఎక్కించి జెడ్/28గా మార్చడం ఎన్నో ఏళ్లుగా నడుస్తున్న వ్యాపారం. ఒకప్పటి ఆ 458 డాలర్ల తేడా ఇప్పుడు పదుల వేల డాలర్ల తేడా అయింది.

ఇతర కంపెనీల కార్లు కొనేవారికి ఇంత తిప్పలు లేవు. పాంటియాక్ జీటీఓ అయితే కంపెనీ ఇన్‌వాయిస్ నకలు పీహెచ్ఎస్ అనే పాంటియాక్ రికార్డుల సంస్థ దగ్గర దొరుకుతుంది, 1967 నుంచి వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్‌కు ఫోర్డ్ రికార్డుల ఆధారంగా ఇచ్చే మార్టీ రిపోర్ట్ తెప్పించుకోవచ్చు, 1970 నాటి ప్లిమత్, డాడ్జ్ కార్లకు ఛాసిస్ నంబరులోని అయిదో అక్షరమే ఇంజన్ ఏదో చెప్పేస్తుంది. అమెరికాలో అమ్ముడుపోయిన షెవర్లేలకు మాత్రం అలా అడిగి తెప్పించుకునే రికార్డు లేదు. కాబట్టి కారుతోపాటు వచ్చిన కాగితాలే ఆధారం: డీలర్ ఇన్‌వాయిస్, పెట్రోలు ట్యాంకు పైనో వెనుక సీటు స్ప్రింగుల్లోనో ఇరుక్కుని అప్పుడప్పుడు దొరికే బిల్డ్ షీట్ (కారు ఎలా తయారుచేయాలో రాసిన ఫ్యాక్టరీ కాగితం), వారంటీ పుస్తకంలోని ప్రొటెక్ట్-ఓ-ప్లేట్ అనే చిన్న లోహపు రేకు. వీటిలో చివరిదానికి నకిలీలు కొల్లలు.

కాగితాలు లేనప్పుడు లోహాన్నే చదవాలి. ఇంజన్ ముందు భాగంలో, ప్యాసింజర్ వైపు, సిలిండర్ హెడ్‌కు కాస్త ముందు చదునైన చోటు ఒకటి ఉంటుంది. ఆల్టర్నేటర్ అడ్డొస్తుంది కనుక చిన్న అద్దం, టార్చి తీసుకెళ్లండి. వీ0402డీజెడ్ లాంటి ముద్ర ఉంటే ఫ్లింట్‌లో ఏప్రిల్ 2న బిగించిన 302 అని అర్థం. ఇంజన్ ఆ కారుదే అనడానికి ఛాసిస్ నంబరులోని ఒక భాగం కూడా అక్కడో, ఆయిల్ ఫిల్టర్ పక్కనో కొట్టి ఉండాలి. అసలు ముద్ర కింద కర్మాగారపు యంత్రం వదిలిన సన్నని సమాంతర గీతలు కనబడతాయి. ఆ చోటు అద్దంలా నున్నగా ఉంటే ఎవరో చెక్కి మళ్లీ అక్షరాలు కొట్టారేమోనని అనుమానించాలి.

ఒహాయోలో ఒక స్నేహితుడి కోసం చూసిన కారు సరిగ్గా ఇలాంటిదే. డీజెడ్ ముద్ర చక్కగా ఉంది, బాడీ ఏప్రిల్ రెండో వారానిదని ట్రిమ్ ట్యాగ్ (బాడీ వివరాలు కొట్టిన ఫ్యాక్టరీ రేకు) చెబుతోంది, అమ్మే పెద్దమనిషి అవి చూపించి తృప్తిగా నవ్వారు. ఇంజన్ వెనుక, గేర్‌బాక్స్ కలిసేచోట పోత తేదీ, అంటే ఇంజన్ బ్లాకును పోసిన తేదీ, ఉంటుంది. జిడ్డు తుడిచి అద్దం పెట్టి చూస్తే హెచ్ 14 9 అని ఉంది. హెచ్ అంటే ఎనిమిదో నెల, అంటే 1969 ఆగస్టు 14న పోసిన బ్లాకు, అంతకు నాలుగు నెలల ముందు తయారైన కారులో ఉందన్నమాట. పోత తేదీ, తర్వాత ఇంజన్ బిగింపు, ఆ తర్వాత బాడీ, ఈ వరుస తప్పితే ఎవరేం చెప్పినా ఆ ఇంజన్ ఆ కారుతో పుట్టింది కాదు. ఆ ఏడాది ఉత్పత్తి శరదృతువు దాకా సాగింది కాబట్టి ఆగస్టు బ్లాకు ఉండడమే తప్పని మాత్రం అనుకోకండి. బాడీ తేదీతో పోల్చాకే తీర్పు చెప్పాలి.

కొన్ని విషయాలైతే చూడగానే తేలిపోతాయి. జెడ్/28కు ఫ్యాక్టరీ ఏసీ ఇవ్వలేదు, ఆటోమేటిక్ గేర్లు ఇవ్వలేదు, 1969లో కన్వర్టిబుల్‌గా అమ్మలేదు. 1968 డిసెంబరు తర్వాతి నార్‌వుడ్ కార్ల ట్రిమ్ ట్యాగ్ మీద ఎక్స్33 గాని ఎక్స్77 గాని ఉండాలి. కమారోలు తయారైన మరో కర్మాగారం, కాలిఫోర్నియాలోని వాన్ నైస్ కార్లకు ఆ కోడ్ ఉండదు.

ఇక తుప్పు. మన దగ్గర చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కనుక ఇక్కడే తిరిగిన కారైతే వెనుక ఫ్రేమ్ రెయిళ్లు, డిక్కీ అడుగు, ముందు అద్దం కింది కౌల్ తప్పకుండా చూడండి. కౌల్ లోపల తినేస్తే బయటికి కనబడదు, బాగు చేయించాలంటే కారు ముందు భాగమంతా విప్పాలి. వినైల్ టాప్ (పైకప్పు మీద అతికించిన వినైల్ తొడుగు) ఉంటే వెనుక అద్దం అంచులను వేలితో నొక్కి చూడండి.

ధర విషయానికొస్తే, పాత కార్ల ఇన్సూరెన్స్ కంపెనీ హాగర్టీ ఇచ్చే ధరల పట్టికలో కండిషన్ ఒకటి (అన్నిటికన్నా మేలు) నుంచి నాలుగు వరకు ఉంటుంది. అమ్మేవారందరూ తమది రెండు అంటారు. నేను చూసినవాటిలో ఎక్కువ భాగం మూడే. స్కాట్స్‌డేల్‌లో ప్రతి జనవరిలో జరిగే బారెట్-జాక్సన్ వేలం ధరలు చూపించి ఎవరైనా బేరమాడితే ఒప్పుకోకండి. అక్కడికి వెళ్లేవి మెరుగుపెట్టిన కార్లు, పైగా ప్రకటించే ధరల్లో కొనుగోలుదారు కట్టే కమిషన్ కలిసి ఉంటుంది. కాగితాలూ అసలు ఇంజనూ ఉన్న కారుకు పట్టిక ధర ఇవ్వవచ్చు. ఇంజన్ మారిపోయినా జెడ్/28 అని కాగితాలు నిరూపిస్తే కొంత తగ్గించి తీసుకోవచ్చు. ఏదీ లేకపోతే అది బాగా తయారైన క్లోన్ (జెడ్/28గా మార్చిన మామూలు కమారో) మాత్రమే, ధరా అలాగే ఉండాలి. క్లోన్ కొనడం తప్పేమీ కాదు, ఆగస్టులో పాత కార్లన్నీ ఊరేగే డెట్రాయిట్ వుడ్‌వర్డ్ అవెన్యూ మీద నడపడానికి రెండూ ఒకటే.

పెట్టుబడి అన్న ఆలోచనతో మాత్రం నేనైతే కొనను. 2007 వరకు పిచ్చిగా పెరిగిన ఈ ధరలు 2008 సంక్షోభంతో కూలడం చూసినవారు ఇక్కడ చాలామంది ఉన్నారు, పైగా కుర్రతనంలో ఈ కార్లను కోరుకున్న తరం వృద్ధులవుతోంది. గ్యారేజీ, ఇన్సూరెన్స్, మరమ్మతులు లెక్కవేస్తే లాభం మిగలడం కష్టం. కొంటే, ఒప్పుకున్న విలువ మీద ఇచ్చే క్లాసిక్ కార్ల ఇన్సూరెన్స్ తీసుకోండి. మామూలు పాలసీలో పాత కారుకు తరుగుదల పోగా మిగిలేది కొంచెమే.

బయలుదేరే ముందు అమ్మే ఆయన్ని మూడు ఫొటోలు అడగండి: ట్రిమ్ ట్యాగ్, ఇంజన్ ముందు ముద్ర, వెనుక పోత తేదీ. మూడోది తీయడం కష్టమని ఆయన అంటే అది నిజమే, కారు లేపి తీయాలి. అయినా పట్టుబట్టండి. ఫొటోలు వచ్చాక ఛాసిస్ నంబరు చివరి అంకెలు కప్పేసి ఇక్కడ పెడితే తేదీల వరుస నేను చూసి చెబుతాను.