బోస్టన్ మేయర్ క్విన్సీని ఓటర్లు ఎందుకు వద్దనుకున్నారు?

ప్రశ్న: కళాశాలలో స్థానిక స్వపరిపాలన పాఠం చెబుతుంటాను. అమెరికాలోని బోస్టన్ నగరానికి తొలినాళ్లలో మేయరుగా ఉన్న జోసయా క్విన్సీ ఎంతో చేశారని చదివాను. అటువంటివారు పదవి ఎందుకు కోల్పోయారు?
– ఒక అధ్యాపకురాలు, హనుమకొండ

జవాబు: బోస్టన్‌లో 1822 వరకు ఓటుహక్కు ఉన్న పురుషులంతా ఒకచోట చేరి ఊరి వ్యవహారాలు తేల్చుకునేవారు. జనాభా 40 వేలు దాటాక ఆ పద్ధతి సాగక నగర పాలనకు మారారు. తొలి మేయర్ జాన్ ఫిలిప్స్ ఒక్క ఏడాదే ఉన్నారు. 1823లో వచ్చిన క్విన్సీ అంతకుముందే ఎనిమిదేళ్లు అమెరికన్ కాంగ్రెస్‌లో సభ్యులు. కొత్త చట్టంలో మేయరుకు సొంత అధికారం తక్కువ కాబట్టి, ముఖ్యమైన కమిటీలన్నింటికీ ఆయన తానే అధ్యక్షత వహించి, తెల్లవారకముందే గుర్రమెక్కి వీధులు తనిఖీ చేస్తూ పనులు నడిపించారు.

ఆయన పనుల్లో పెద్దది మార్కెట్. మిర్చి సీజనులో ఎనుమాముల మార్కెట్ దారిలో వాహనాల బారులు చూసిన మీకు, బోస్టన్‌లోని పాత మార్కెట్, సభా భవనమైన ఫానియల్ హాల్ చుట్టూ ఇరుకు సందుల్లో బండ్లు చిక్కుకుపోయిన నాటి స్థితి సులభంగానే అర్థమవుతుంది. పక్కనున్న మురికి రేవును పూడ్పించి, 1826 నాటికి 535 అడుగుల పొడవైన గ్రానైటు భవనాన్ని కట్టించి, ఆరు కొత్త వీధులు తీయించారు. చుట్టూ ఏర్పడిన స్థలాలను అమ్మి ఖర్చు రాబట్టినందున ప్రజలపై కొత్త పన్ను పడలేదు. నేటి నగరపాలకులు శ్రద్ధగా చదవవలసిన భాగం ఇదేనని నా అభిప్రాయం.

అయితే ఆయన మాటకు ఎదురు సహించేవారు కారు. అగ్నిమాపక దళాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు పాత స్వచ్ఛంద దళాలవారు దూరమయ్యారు. 1826లో తెరిచిన బాలికల ఉన్నత పాఠశాలకు ఊహించనంత మంది దరఖాస్తు చేసుకోగా, ఖర్చు భరించలేమని రెండేళ్లకే మూయించారు. బాలుర పాఠశాల మాత్రం కొనసాగింది. ఇది సమర్థించలేని నిర్ణయం, తల్లిదండ్రుల ఆగ్రహం న్యాయమైనది.

ఏటా జరిగే ఎన్నికల్లో ఆరుసార్లు గెలిచిన ఆయనకు 1828 డిసెంబరులో రెండుసార్లు పోలింగు జరిగినా చట్టం కోరిన పూర్తి మెజారిటీ రాలేదు. దాంతో పోటీ నుంచి తప్పుకొని, 1829లో హార్వర్డ్ అధ్యక్షులై, 1845 వరకు ఆ పదవిలో కొనసాగారు.