స్టేజ్ ఖాయం కాకముందే ఎఫ్‌డీలన్నీ తీసేస్తే ఎలా?

ప్రశ్న: మా ఆవిడకు రొమ్ము క్యాన్సర్. స్కాన్లు, బయాప్సీ చూసి స్టేజ్ 1 అన్నారు. ఆపరేషన్‌తో అయిపోతుందనుకుని ఎఫ్‌డీలన్నీ తీసి కట్టేశాను. ఇప్పుడు ఆపరేషన్ తర్వాతి రిపోర్టులో పీటీ2 పీఎన్1 అని ఉంది, స్టేజ్ 2బీ అంటున్నారు. కీమో, రేడియేషన్ కావాలట. లోన్ యాప్‌లో అప్పు తీసుకోనా? ఆమె పేరున క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ (పెద్ద జబ్బు తేలితే ఒకేసారి డబ్బిచ్చే బీమా) ఉంది. తొలి స్టేజ్‌కు డబ్బు రాదని తెలిసినాయన చెబితే క్లెయిమ్ పెట్టలేదు.

జవాబు: తీసుకోవద్దు. ముందు ఆ యాప్‌ను ఫోన్‌లోంచి తీసేయండి. వారాల్లో తీర్చాల్సిన అప్పుతో నెలల తరబడి సాగే వైద్యం ఎలా చేయిస్తారు? రెండో కీమోకు వెళ్లేసరికి వాయిదా వచ్చి మీద పడుతుంది. దాన్ని కట్టడానికి ఇంకో యాప్ వెతుకుతారు. క్రెడిట్ కార్డు గీకి నెలనెలా కనీస మొత్తం కడదామనుకున్నా సంగతి అంతే.

మీకు సలహా ఇచ్చినాయన సగం విని చెప్పినట్టున్నాడు. ఇలాంటి పాలసీలు సాధారణంగా మినహాయించేది స్టేజ్ 0ని, అంటే పుట్టిన పొర దాటని కణితిని. రిపోర్టులో దాన్ని టీఐఎస్ అని రాస్తారు. పొర దాటి పాకిన రొమ్ము క్యాన్సర్ స్టేజ్ 1 అయినా చాలా పాలసీల్లో క్లెయిమ్‌కు అర్హమే. మీది పీటీ2, అంటే కణితి 2 సెంటీమీటర్లు దాటింది. పీఎన్1 అంటే లింఫ్ గ్రంథుల్లోకీ పాకింది. ఇవాళే కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి. బయాప్సీ తేదీ నుంచి గడువులు లెక్కిస్తారు కాబట్టి ఆలస్యానికి కారణం కూడా రాయండి.

ఫారంలో స్టేజ్ అంకె ఒక్కటే రాసి వదిలేయకండి. 2018లో అమల్లోకి వచ్చిన ఏజేసీసీ (క్యాన్సర్ స్టేజ్‌లకు నియమాలు రాసే అమెరికా సంస్థ) 8వ ఎడిషన్ ప్రకారం రొమ్ము క్యాన్సర్‌కు గ్రేడ్ (కణాలు మామూలు కణాలకు ఎంత భిన్నంగా ఉన్నాయన్నది), హార్మోన్ రిసెప్టర్లు (కణితి హార్మోన్లకు స్పందిస్తుందా అన్నది), హెర్2 (కణాల మీద ఉండే ఒక ప్రొటీన్) కూడా కలిపి ఇంకో స్టేజ్ లెక్క ఉంది. అదే పీటీ2 పీఎన్1 ఆ లెక్కలో 1బీగా కూడా తేలొచ్చు. ఒక కాగితంలో ఒక అంకె, ఇంకో కాగితంలో మరో అంకె కనిపిస్తే ఫైలు ఆగిపోతుంది. టీ (కణితి సైజు), ఎన్ (లింఫ్ గ్రంథులు), ఎం (దూరపు అవయవాలకు పాకడం) మూడూ డాక్టర్ చేత రాయించండి.

ఇక అసలు పొరపాటు. ఇది మీరొక్కరే చేసింది కాదు. ఆపరేషన్‌కు ముందు చెప్పేది క్లినికల్ స్టేజ్. అది స్కాన్లు, పరీక్షలు చూసి వేసే అంచనా. తీసిన కణితిని, చంకలోని లింఫ్ గ్రంథుల్ని మైక్రోస్కోప్ కింద చూశాకే పాథలాజికల్ స్టేజ్ ఖాయమవుతుంది. మీ కాగితంలో టీ ముందున్న ‘పీ’ అదే. స్కాన్‌కు అందనంత చిన్న మచ్చ గ్రంథిలో దొరికితే ఎన్0 కాస్తా ఎన్1 అవుతుంది, వైద్యం మారుతుంది, ఖర్చు మారుతుంది. అంచనాను నమ్ముకుని ఇంట్లో ఉన్నదంతా ఊడ్చి మొదటి బిల్లుకే కట్టేయకూడదు.

అత్యవసర నిధి లేకపోతే ఎంత మంచి పాలసీ ఉన్నా ఇబ్బందే. క్లెయిమ్ డబ్బు వచ్చేదాకా ఇల్లు గడవాలి కదా! ఆ డబ్బు రాగానే ముందు ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా ఒక ఖాతాలో వేయండి, ఆస్పత్రికి మిగతాది. హార్మోన్ రిసెప్టర్ పాజిటివ్ అయితే మాత్రలు కనీసం 5 ఏళ్లు వాడమంటారు, ఆ ఖర్చూ లెక్కలో ఉంచుకోండి.

ఈలోగా డబ్బు కావాలంటే ఆఫీసులో అడ్వాన్స్ అడగండి, లేదా జీవిత బీమా పాలసీ మీద అప్పు తీసుకోండి. కొత్త ఆరోగ్య బీమా కోసం ఇప్పుడు తిరగడం దండగ. కీమో ఎన్ని సైకిళ్లో, ఒక్కోదానికి ఎంతవుతుందో ఆస్పత్రిలో రాయించుకోండి, సైకిల్‌కు సైకిల్ కడతామని అడగండి.