తొమ్మిది లక్షలొచ్చాయి, డ్రాయింగు మాస్టారి ఉద్యోగం మానేయనా?

ప్రశ్న: మాది నెల్లూరు. వయసు 41. ప్రైవేటు స్కూల్లో డ్రాయింగు టీచర్ని, జీతం 22 వేలు. బొమ్మల మీద ఖర్చులు పోను మూడేళ్ళలో వరసగా 60 వేలు, లక్షా పదివేలు, 70 వేలు మిగిలాయి. 2025-26లో మాత్రం ఒక హోటలు ఆర్డరూ, హైదరాబాదు గ్యాలరీలో అమ్ముడైన ఏడు కాన్వాసులూ కలిపి కమిషన్ పోను 9 లక్షలొచ్చాయి. రంగులు, ఫ్రేములు, రవాణాకి 1.4 లక్షలు పోయింది. నా భార్య టైలరింగు చేసి నెలకి 8 వేలు తెస్తుంది. ఇంటి ఖర్చు 38 వేలు. పాపకి తొమ్మిదేళ్ళు. నగలు 1.2 లక్షలకి తాకట్టులో ఉన్నాయి. ఉద్యోగం మానేసి, 15 లక్షల అప్పుతో మేడ మీద స్టూడియో కట్టుకుని, పూర్తిగా బొమ్మలే వేద్దామని ఉంది. ఇంట్లో అమ్ముడుపోని కాన్వాసులు అరవై ఉన్నాయి. అవే నీ పెన్షన్ అంటున్నారు మిత్రులు. మీరేమంటారు సార్?

జవాబు: ముందు మీ ఇంటి లెక్క చూద్దాం. జీతం 22, టైలరింగు 8, మొత్తం 30 వేలు. ఖర్చు 38. అంటే నెలనెలా 8 వేల లోటు. బొమ్మలు అమ్ముడైన ఏడాది ఆ లోటుని బొమ్మలు పూడ్చాయి, కానప్పుడు మీ ఆవిడ నగలు పూడ్చాయి. కాబట్టి మిగిలిన 7.6 లక్షల మీద మొదటి హక్కు ఆమెదే. ముందు వెళ్ళి నగలు విడిపించండి.

ఇక ఉద్యోగం సంగతి. నెల్లూరులో ఉంటున్న మనిషికి ఇది నేను చెప్పక్కర్లేదు. రొయ్యల చెరువులో ఒక పంటకి కౌంటు (కిలోకి తూగే రొయ్యల లెక్క) బాగా వచ్చి రేటు పలికితే, ఆ ఊపులో మరో రెండు చెరువులు లీజుకి తీసుకుని, వైట్ స్పాట్ జబ్బు తగిలి మొత్తం పోగొట్టుకున్నవాళ్ళు మీకు తెలిసే ఉంటారు. మీకొచ్చింది కూడా పంట డబ్బే, జీతం కాదు. నాలుగేళ్ళది కలిపి సగటు తీస్తే ఏడాదికి 2.5 లక్షలు, నెలకి 20 వేల చిల్లర. అందులో ఈ ఒక్క మంచి ఏడే ముప్పాతిక వంతు. ఉద్యోగం మానేస్తే బొమ్మల నుంచి నెలకి 30 వేలు రావాలి. ఆ సగటు చాలదు.

అలాగని మానొద్దనీ అనను. హెడ్మాస్టర్ని అడిగి వారానికి మూడు రోజులు, సగం జీతానికి ఒప్పించుకోండి. అప్పుడు బొమ్మల నుంచి కావలసింది 19 వేలు. మీ సగటు దాన్ని అందుకుంటుంది, అంచు మీదే అనుకోండి. ఈ డబ్బులో 3.6 లక్షలు విడిగా ఒక ఖాతాలో, ఎప్పుడైనా తీసుకోగలిగే డిపాజిట్లుగా పెట్టండి. అది మీ గాదె. దాన్నుంచి ప్రతి ఒకటో తారీఖున మీకు మీరే 19 వేలు జీతంగా ఇచ్చుకోండి. ఏడాదిన్నర పాటు ఒక్క బొమ్మా అమ్ముడుపోకపోయినా ఇల్లు గడుస్తుంది. ఏ బొమ్మ అమ్మినా ఆ డబ్బు గాదెలోకే పోవాలి, నేరుగా ఇంట్లోకి రాకూడదు.

ఉద్యోగం చేసేవాడు ఆర్టిస్టే కాదన్నట్టు మాట్లాడేవాళ్ళుంటారు. ఎం.ఎఫ్. హుసేన్ బొంబాయిలో సినిమా హోర్డింగులు వేశారు, పిల్లల ఫర్నిచరు డిజైన్ చేశారు. మన తోట వైకుంఠం సినిమాకి కళాదర్శకత్వం చేసి జాతీయ అవార్డు అందుకున్నారు.

స్టూడియో అప్పు వద్దు. 15 లక్షలు పదిహేనేళ్ళకి 9 శాతం వడ్డీతో తీసుకుంటే ఈఎంఐ 15 వేలు దాటుతుంది. పైగా బ్యాంకు మీ జీతం చూసి అప్పిస్తుంది, మీరు ఆ జీతమే వదులుకుంటారు. ఇక ఆ ఈఎంఐ గాదె కింద పందికొక్కే. మేడ మీద లక్షలో రేకుల షెడ్డు వేసుకోండి, ఉత్తరం వైపు పెద్ద కిటికీ పెట్టించండి. ఎండాకాలంలో మధ్యాహ్నాలు పనిచేయలేరు, నిజమే. మే నెలకి మీకెలాగూ సెలవులే కదా!

అరవై కాన్వాసులు పెన్షన్ అన్న మాట మాత్రం నాకు టెన్షన్ పెట్టింది. హుసేన్ 1954లో వేసిన 'గ్రామ్ యాత్ర' 2025 మార్చిలో న్యూయార్కు వేలంలో 1.38 కోట్ల డాలర్లు, అంటే సుమారు 118 కోట్ల రూపాయలు పలికింది. హుసేన్ 2011లోనే పోయారు. ఆ బొమ్మని 1954లోనే కొన్న నార్వే డాక్టరు దాన్ని ఓస్లోలోని ఆసుపత్రికి ఇచ్చేశారు. వేలం డబ్బు అక్కడ డాక్టర్ల శిక్షణకి వెళ్ళింది. పేపర్లో చదివే కోట్లు బొమ్మ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళవి. మన కాపీరైటు చట్టంలో 53ఏ సెక్షను ఉంది, 10 వేలు దాటి మళ్ళీ అమ్ముడైన బొమ్మలో చిత్రకారుడికి పది శాతం మించకుండా వాటా అని. దాన్ని నమ్ముకుని బడ్జెట్ వేయకండి.

అదే చట్టంలో మీకు నిజంగా పనికొచ్చేది మరొకటుంది. డబ్బు తీసుకుని ఎవరైనా అడిగితే వేసిన పెయింటింగు మీద, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, మొదటి కాపీరైటు డబ్బిచ్చినవాళ్ళదే. హోటలు వాళ్ళు మీ బొమ్మని రేపు క్యాలెండరు మీద వేసుకున్నా అడగలేరు. వచ్చే ఆర్డరుకి 'పునర్ముద్రణ హక్కులు చిత్రకారుడివే' అని ఒక్క వాక్యం రాయించండి. మీ పేరున నిలిచే కాపీరైటు మీ జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు ఉంటుంది, మీ పాపకి అందుతుంది. అందుకే ఒక నోటుబుక్కులో ప్రతి కాన్వాసు ఫొటో, కొలత, సంవత్సరం, ఎక్కడుందో రాసిపెట్టండి. చిన్న వీలునామా కూడా.

పన్ను గురించి రెండు మాటలు. జీతంతో కలిపి ఆదాయం 10.24 లక్షలు. కొత్త విధానంలో 12 లక్షల దాకా పన్ను పడదు, కానీ రిటర్ను వేయాలి. హోటలు వాళ్ళు టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోసుంటే అప్పుడే తిరిగొస్తుంది. పన్ను ఆదా అంటూ పాలసీ అమ్మవచ్చినవాళ్ళకి కాఫీ ఇచ్చి పంపండి. టర్మ్ పాలసీ (మనిషి పోతేనే ఇంటికి డబ్బొచ్చే బీమా), కుటుంబానికి ఆరోగ్య బీమా మాత్రం తీసుకోండి, 50 వేలు పక్కన పెట్టండి. వ్యక్తిగత పాలసీలకి 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు.

ఇవన్నీ పోను 1.3 లక్షలుంటాయి. 30 వేలు వచ్చే ఏడాది కాన్వాసులకి, అవి విత్తనాలు, ముట్టుకోకండి. లక్ష పాప పేరున సుకన్య సమృద్ధి ఖాతాలో వేయండి, వడ్డీ 8.2 శాతం. పదేళ్ళు నిండిన పిల్లకి ఆ ఖాతా తెరవరు. పాప పుట్టినరోజు ఎప్పుడో చూసుకుని, ఈలోపే జనన ధ్రువీకరణ పత్రంతో పోస్టాఫీసుకి వెళ్ళండి.