పాప వాలంటీరు గంటల గురించి చెల్లికి

చెల్లీ,

పాపకి తొమ్మిదో తరగతి అయిపోవస్తోంది, కాలేజీ స్కాలర్‌షిప్‌లకి చూపించే వాలంటీరు గంటలకి ఎక్కడెక్కడ చేర్పించాలో జాబితా రాసి పంపు అక్కా అన్నావు. నువ్వు పంపిన ఎక్సెల్ షీటు చూశాను. అందులోనే పదకొండు సంస్థలున్నాయి. నేను ఇంకో పేరు కలపడం లేదు. ఒకటో రెండో ఉంచి మిగతావి కొట్టెయ్యి.

రిటైరయ్యాక ఇక్కడి స్కాలర్‌షిప్ కమిటీ ఒకదానికి దరఖాస్తులు చదువుతున్నాను కదా, ఆ అనుభవంతోనే చెబుతున్నాను. ఇక్కడ మేరీలాండ్‌లో హైస్కూలు పూర్తి చెయ్యాలంటే సమాజసేవ తప్పనిసరి. మా కౌంటీలో అది 75 గంటలు. కాబట్టి గంటలు లేని పిల్లలంటూ మాకు కనపడరు. రెండొందలు, మూడొందలు వేసుకుని వచ్చేవాళ్ళు కూడా బోలెడు. అందరి దగ్గరా ఉన్నదాన్ని చూసి ఎవరికని డబ్బిస్తాం?

మీ ఫ్లోరిడాలో సంగతి కొంచెం వేరు. అక్కడ గంటలకి నేరుగా డబ్బు విలువ ఉంది. బ్రైట్ ఫ్యూచర్స్ అని, లాటరీ డబ్బుతో 1997లో మొదలైన రాష్ట్ర స్కాలర్‌షిప్. దానిలో పై మెట్టు ఫ్లోరిడా అకడమిక్ స్కాలర్స్. చదవాల్సిన కోర్సులు చదివి, 3.5 వెయిటెడ్ జీపీఏ (కష్టమైన కోర్సులకి ఎక్కువ విలువిచ్చి కట్టే మార్కుల సగటు), కాలేజీ ప్రవేశ పరీక్ష ఎస్‌ఏటీలో 1300 దాటిన స్కోరు, 100 గంటల సేవ చూపిస్తే రాష్ట్ర యూనివర్సిటీలో ట్యూషన్ మొత్తం వాళ్ళే కడతారు. కింది మెట్టు మెడాలియన్‌కి 75 గంటలు, ట్యూషన్‌లో ముప్పావు వంతు. స్కోరు కటాఫ్ మారుతుంటుంది, ఏటా చూసుకో. 2022 నుంచి సేవకి బదులు 100 గంటల జీతం ఉద్యోగం కూడా చెల్లుతుంది. పాప స్మూతీ షాపులో పనిచేస్తానంటే అడ్డుపడకు. కౌంటర్లో నిలబడడమేమిటని మరిదిగారు అంటే ఈ నిబంధన చూపించు.

ఆ బ్రైట్ ఫ్యూచర్స్ చట్టంలో చాలామంది తల్లిదండ్రులు చదవని మాట ఒకటుంది. పిల్లలు తమకి ఆసక్తి ఉన్న ఒక సామాజిక సమస్యనో, వృత్తినో ఎంచుకుని, అందులో తామేం చెయ్యబోతున్నారో ప్లాన్ వేసుకోవాలి. చేశాక దానిమీద ఆలోచించి రాసి గానీ, చెప్పి గానీ చూపించాలి. గంటలు కాగితం మీద ఉండాలి, దానిమీద పాప సంతకం, మీ ఇద్దరిలో ఒకరి సంతకం, సంస్థ తరఫు మనిషి సంతకం మూడూ ఉండాలి. చేసిన పనికి డబ్బు తీసుకుంటే అది సేవ కింద రాదు, పైన చెప్పిన ఉద్యోగం లెక్కలో వెయ్యాలి. కౌన్సెలర్‌ని ముందే అడిగి, ఆ చోటు స్కూలు జిల్లాకి సమ్మతమేనని తెలుసుకున్నాకే మొదలుపెట్టమను. సంతకాలు ఏ నెలకి ఆ నెల పెట్టించండి. పన్నెండో తరగతిలో పరుగులు పెడితే సంతకం పెట్టాల్సిన కోఆర్డినేటర్ ఎప్పుడో ఉద్యోగం మారిపోయి ఉంటుంది. అప్పుడు పడే టెన్షన్ నీకెందుకు?

ఇక చోట్లు తగ్గించమని ఎందుకంటున్నానో చెబుతాను. మొన్న చదివిన దరఖాస్తుల్లో ఒక అమ్మాయి వరసగా రాసింది: బీచ్ శుభ్రం చెయ్యడం, గుడిలో ప్రసాదం పంచడం, బొమ్మలు పోగుచెయ్యడం, 5కే పరుగులో మంచినీళ్ళివ్వడం, ఇంకా చాలా. తెలివైన పిల్లే, మార్కులు అదిరాయి. కానీ సిఫారసు ఉత్తరం రాసినాయనకి ఆ పిల్ల మొహం గుర్తున్నట్టు లేదు. 'కష్టపడే మనిషి' అని నాలుగు వాక్యాలు రాసి ముగించాడు.

అదే కట్టలో ఒక అబ్బాయి. శనివారం పొద్దున లేనివాళ్ళకి ఉచితంగా సరుకులిచ్చే ఒకే ఫుడ్ ప్యాంట్రీకి వెళ్ళేవాడు. ఆసియా పెద్దవాళ్ళు కొందరు తమకిచ్చిన ట్యూనా చేప డబ్బాలు తలుపు దగ్గరే వదిలేసి వెళ్ళిపోవడం గమనించాడు. వాళ్ళు శాకాహారులు, అడగడానికి మొహమాటం. వాడు కొన్ని వారాలపాటు ఏమేం వెనక్కి వస్తున్నాయో నోట్‌బుక్‌లో రాసి మేనేజరుకి చూపించాడు. పప్పులు, బియ్యం, సెనగలు విడిగా ఒక అరలో పెట్టించాడు. తర్వాత బీపీ, షుగరు ఉన్నవాళ్ళకి ఉప్పు తక్కువ డబ్బాల అర కూడా వచ్చింది. ఆ మేనేజరమ్మ రెండు పేజీల ఉత్తరం రాసింది. గంటలు చూస్తే పై అమ్మాయి కంటే తక్కువే. మేం అయిదు నిమిషాల్లో తేల్చేశాం. అలాంటిది కనిపెట్టాలంటే ఒకే చోటికి, ఒకే రోజున, విసుగొచ్చేదాకా వెళ్ళాలి. నాలుగోసారికే చోటు మార్చేసే పిల్లకి ఏం కనపడుతుంది?

పాప సొంతంగా నాన్‌ప్రాఫిట్ (లాభాపేక్ష లేని సేవాసంస్థ) పెడితే ఎలా ఉంటుందని షీటు చివర రాశావు. వద్దు. అలాంటి దరఖాస్తులు ఏడాదికి ఎన్ని వస్తాయో నీకు తెలీదు. వెబ్‌సైటు నాన్న చేసినదని మొదటి పేజీలోనే తెలిసిపోతుంది. డైరెక్టరు అమ్మ, సభ్యులు ముగ్గురు స్నేహితురాళ్ళు. మా కమిటీలో ఒక పెద్దాయన 'మీవాళ్ళ పిల్లలందరూ ఫౌండర్లేనా?' అని నన్నే అడిగాడు. నవ్వేశాను గానీ మనసులో చురుక్కుమంది.

ఊరెళ్ళినప్పుడు బడికి ల్యాప్‌టాప్‌లు ఇచ్చి ఫోటో దిగడం ఇంకోటి. ఇవ్వండి, మంచిదే, ఆ పిల్లలకి పనికొస్తాయి. కానీ అది మీ డబ్బు, పాప చేసిన పని కాదు. ఒకమ్మాయి మాత్రం తిరిగొచ్చాక కూడా శుక్రవారం రాత్రుళ్ళు, అంటే అక్కడ శనివారం పొద్దున, వాళ్ళ అమ్మమ్మ ఊరి బడి పిల్లలతో వీడియో కాల్‌లో ఇంగ్లీషు చదివించింది. నెట్ తెగిపోయినప్పుడు ఏం చేసేదో కూడా రాసింది. దానికి నేను గట్టిగా మార్కులేశాను.

జాతీయ స్థాయి స్కాలర్‌షిప్‌ల మీద ఎక్కువ ఆశ పెట్టకు. కోకాకోలా స్కాలర్స్ ఏటా 150 మందికి తలా 20,000 డాలర్లు ఇస్తుంది, నాయకత్వం, సేవ చూస్తారు. పన్నెండో తరగతి మొదట్లోనే దరఖాస్తు వెయ్యాలి, ఆగస్టులో తెరిచి సెప్టెంబరు చివరికి మూసేస్తారు. మొదటి రౌండులో వ్యాసం ఉండదు గనక వేసి మరిచిపోవచ్చు. బానర్ స్కాలర్స్ అని కొన్ని కాలేజీల్లో ఉంది, వారానికి పది గంటల దాకా సేవ చేయించి ఫీజుకి సాయం చేస్తారు. అది ఆదాయం తక్కువున్న ఇళ్ళకి. అమెరికోర్ అనే ప్రభుత్వ సేవా కార్యక్రమంలో చేసిన సేవకి వచ్చే చదువు డబ్బుని 55 దాటినవాళ్ళు పిల్లలకి, మనవలకి బదిలీ చెయ్యొచ్చని చదివి నాకే ఆశ పుట్టింది. పెద్దమ్మ నుంచి చెల్లెలి కూతురికి కుదరదట.

నిజానికి డబ్బు దొరికేది ఊరి స్థాయిలో. స్థానిక ఫౌండేషన్లు, రోటరీ క్లబ్బులు, మరిదిగారి కంపెనీ, క్రెడిట్ యూనియన్ (సహకార బ్యాంకు లాంటిది). వెయ్యి, రెండు వేలు అని చిన్నచూపు చూస్తారు గానీ పోటీకి వచ్చేవాళ్ళే తక్కువ. దరఖాస్తుకి ఫీజు అడిగేది ఏదైనా సరే, దాని జోలికి పోకండి.

వచ్చిన డబ్బుతో రెండు చిక్కులున్నాయి. బయటి స్కాలర్‌షిప్ వచ్చిందని తెలియగానే కొన్ని కాలేజీలు తామిస్తానన్న సాయంలో అంత కోసేస్తాయి. మా మేరీలాండ్ 2017లో చట్టం చేసి ప్రభుత్వ కాలేజీల్లో దాన్ని కట్టడి చేసింది. పాప ఏ రాష్ట్రంలో చేరినా కాలేజీలో ఆర్థిక సాయం చూసే ఎయిడ్ ఆఫీసుకి ఈమెయిల్ రాసి జవాబు రాతలో తెచ్చుకోండి. రెండోది పన్ను. ట్యూషన్‌కి, పుస్తకాలకి వాడినదానికి ఉండదు, హాస్టలుకి, తిండికి వాడితే ఉంటుంది.

మీ ఎదురింటివాళ్ళ అబ్బాయి గురించి కూడా అడిగావు. వాళ్ళింకా హెచ్‌4 (హెచ్‌1 ఉద్యోగుల కుటుంబాలకిచ్చే వీసా) మీదే ఉన్నారంటే బ్రైట్ ఫ్యూచర్స్, ఫెడరల్ సాయం, కోకాకోలా ఏవీ రావు. పిల్లవాడు ఇక్కడే పెరిగినా అంతే, నాకు దీనిమీద చాలా కోపం. ప్రైవేటు కాలేజీలు సొంతంగా ఇచ్చే మెరిట్ స్కాలర్‌షిప్‌లు, వీసా సంగతి అడగని ఊరి ఫండ్లు చూసుకోమను. అర్హతల పేజీలో వీసా గురించిన ఆ ఒక్క లైను ముందు చదివాకే దరఖాస్తు మొదలుపెట్టమను. మీకు గ్రీన్ కార్డు వచ్చింది గనక ఆ బాధ లేదు.

ఇప్పుడు చెయ్యాల్సింది చెబుతాను. షీటులో ఉంచిన ఆ ఒకటి రెండు చోట్లకీ ఈమెయిల్ పాపే రాయాలి, నువ్వు కాదు. ఫోన్ వస్తే పాపే మాట్లాడాలి. వెళ్ళొచ్చిన రోజు రాత్రి నోట్‌బుక్‌లో తారీఖు, ఎన్నింటి నుంచి ఎన్నింటి వరకు, ఎవరితో పనిచేసింది, ఆ రోజు వింతగా అనిపించిందేమిటి, అంతే రాసుకోమను. తెలుగులో రాసినా, ఇంగ్లీషులో రాసినా సరే. వ్యాసాలు రాసేటప్పుడు ఆ నోట్‌బుక్ నాకు పంపమను, ఏ రోజు గురించి రాస్తే బాగుంటుందో కూర్చుని మాట్లాడుకుంటాం. వ్యాసం మాత్రం నేను రాసిపెట్టను, ఇప్పుడే చెబుతున్నాను. నువ్వూ దిద్దకు, నీ ఇంగ్లీషు దూరం నుంచే పట్టేస్తారు.

అమ్మ మోకాలికి వాడే నూనె అయిపోయిందంది, వచ్చేవాళ్ళతో పంపించు.

అక్క