ట్రాన్స్‌ఫార్మర్లు వచ్చాక పాత సేలియెన్సీ మోడళ్లు నేర్చుకోవడం దండగేనా?

దండగ కాదు, కానీ నెలల తరబడి కూర్చోనక్కర్లేదు. ట్రాన్స్‌ఫార్మర్లంటే ఇప్పటి ఏఐ వెనకున్న నెట్‌వర్కులు, సేలియెన్సీ మోడళ్లంటే చిత్రంలో ఏది కంటిని లాగుతుందో లెక్కకట్టేవి. "ట్రాన్స్‌ఫార్మర్‌లో అటెన్షన్ ఎలాగూ ఉంది కదా" అని మీ ప్రశ్నలో అన్నారు. అది వేరే లెక్క. 2017 నాటి ఆ పద్ధతిలో ఇన్‌పుట్‌లోని ప్రతి ముక్కా (మాటో, బొమ్మలో భాగమో) మిగతా ముక్కల నుంచి ఎంతెంత సమాచారం తీసుకోవాలో తేలుతుంది. పాత మోడళ్ల ప్రశ్న వేరు: కన్ను స్పష్టంగా చూసేది మధ్యలో రెండు డిగ్రీల మేరే, మరి తర్వాతి చూపు ఎక్కడ వాలాలి?

కాక్, ఉల్‌మన్ అనే పరిశోధకులు 1985లో సేలియెన్సీ మ్యాప్ ఊహ ఇచ్చారు, అంటే చిత్రంలో ఏ చోటు ఎంత కొట్టొచ్చినట్టుందో చెప్పే పటం. ఇట్టి, కాక్, నీబర్ 1998లో దాన్ని నడిచే ప్రోగ్రాం చేశారు. రంగు, వెలుగు, గీతల వాలు: వీటిలో చుట్టుపక్కలతో తేడా ఎక్కడ కొట్టొచ్చినట్టుందో రకరకాల స్కేళ్లలో (చిన్న వివరం నుంచి పెద్ద భాగం దాకా) చూసి 42 మ్యాపులు తీస్తారు. అన్నీ కలిపాక నెగ్గిన చోట చూపు ఆగుతుంది. తర్వాత ఆ చోటును కాసేపు అణచి, చూపును ఇంకోచోటికి పంపుతారు. ట్రైనింగ్ డేటాతో పనే లేదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది నార్మలైజేషన్. ఒక మ్యాప్‌లో ఒకే శిఖరం ఉంటే దాన్ని పెంచుతుంది, ఒకే ఎత్తువి బోలెడుంటే మొత్తం తగ్గించేస్తుంది. లాడ్ బజార్ గాజుల కొట్టు ఫోటో ఇచ్చి చూడండి. అన్నీ మెరిసేవే కాబట్టి రంగు మాట చెల్లదు.

ఎం.టెక్. ప్రాజెక్టులో మెహదీపట్నం, కోఠి వైపు డాష్‌క్యామ్ వీడియోల మీద ఇదే నడిపాం. చూపంతా హోర్డింగులు, పుట్టినరోజు ఫ్లెక్సీలు, పూలబండ్ల మీదికే పోయింది. (ఫ్లెక్సీ కట్టినవాళ్లకి కావలసిందీ అదేగా!) పెయింటు పోయిన స్పీడ్ బ్రేకర్ మాత్రం రోడ్డు రంగులో కలిసిపోయి ఎక్కడా తేలలేదు. ఆటో అన్న దాన్ని దూరం నుంచే పసిగడతాడు, ఎందుకంటే దేనికోసం చూడాలో అతనికి తెలుసు. ఒకే చిత్రం ముందు ప్రశ్న మారిస్తే కళ్లు తిరిగే దారే మారుతుందని, కంటి కదలికల మీద పనిచేసిన రష్యన్ శాస్త్రవేత్త యార్బస్ ఏనాడో చూపించాడు. ఇట్టి వాళ్ల మోడల్‌లో లేనిది అదే.

అందుకని ముందు ఫ్రేములో రోడ్డు ఏదో విడదీశాం. దానికి ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ వాళ్ల ఇండియా డ్రైవింగ్ డేటాసెట్ పనికొచ్చింది. మన హైదరాబాద్, బెంగళూరు రోడ్ల చిత్రాలు సుమారు 10 వేలు ఉన్నాయందులో. ఆ రోడ్డు భాగంలో అడ్డగీతల మ్యాప్‌కి బరువు పెంచాం. స్పీడ్ బ్రేకర్లు అప్పుడు పైకొచ్చాయి, అన్నీ కాకపోయినా.

మామూలు సేలియెన్సీని పారేయలేదు. సిగ్నల్ లైటు పక్కన ఎర్ర ఫ్లెక్సీ ఉన్న ఫ్రేముల్లో ఏది నెగ్గుతోందో చూడ్డానికి అదే సరైన పనిముట్టు. ఈ పనికి నేనైతే పెద్ద నెట్‌వర్క్ జోలికి పోను.

మీ మోడల్‌ని, మనుషులు నిజంగా ఎక్కడ చూశారో నమోదు చేసిన డేటాతో పోల్చేటట్టయితే ఒక జాగ్రత్త. ఫోటో తీసేవాళ్లు వస్తువును మధ్యలో పెడతారు, చూసేవాళ్ల కళ్లూ మధ్యకే పోతాయి. బొమ్మ ఏదైనా సరే, మోడల్ జవాబుకి బదులు నడిమధ్యన ఒక మసక మచ్చ పెట్టి దాని స్కోరెంతో ముందు చూసుకోండి. మీ మోడల్ దాన్ని దాటకపోతే గైడ్‌కి చూపించకండి.